సంఘసేవ: దయయా, వృత్తియా?

పట్టపరీక్షయందు కృతార్థురాలైన కుమార్తె యొకతె, "అమ్మా, నేను సోషల్ వర్కు చదువుతాను" అని యడిగినదనుకొనుడు. అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని, ఆ యింట వెంటనే మూడు ప్రశ్నలు పుట్టును. "సేవ చేయడానికి చదువెందుకే? మనసుంటే చాలదూ?" అని తల్లి. "జీతమేమాత్రం వస్తుంది?" అని తండ్రి. "ఊళ్లంట తిరిగే పిల్లకు సంబంధం కుదరొద్దా వదినా?" అని మేనత్త.

ఈ ప్రశ్నలను నవ్వి త్రోసివేయుట తగదు. ఇవి పిల్ల క్షేమము కోరువారి నోటనే వచ్చినవి. కాని వీనికి సరియైన సమాధానము దొరకక, ఉత్సాహము గల బాలికలు వెనుదీయుటయు, వారి సాయముచే నిలువబడదగిన కుటుంబములు దిక్కులేక చెదరుటయు సంభవించును. కావున నొక్కొక్క ప్రశ్ననే తీసికొని విచారింతము.

మనసున్న చాలదా?

ఈ మాట వినగానే కోనసీమవారికి డొక్కా సీతమ్మగారు జ్ఞప్తికి వత్తురు. వారు 1841లో మండపేటయందు జన్మించి, లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి యిల్లాలై, 1909లో కన్నుమూసిరి. గోదావరి పాయలు దాటి పోవు బాటసారులు ఆ గ్రామమున నాగెడివారు. వేళ కాని వేళ వచ్చినను, ఏ కులమువారు వచ్చినను, ఆ తల్లి లేచి పొయ్యి రాజేసి వండి వడ్డించెడివారు. ఒకమారు వారు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై బయలుదేరి, త్రోవలో ఆకలిగొన్న ప్రయాణికులు సీతమ్మగారి యిల్లు చేరినచో అన్నము దొరకునని తమ పిల్లల నూరడించుట విని, యాత్ర మాని యింటికి మరలిరని చెప్పుకొందురు. 2024లో రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు వారి పేరే పెట్టినది.

సీతమ్మగారికి ఏ కళాశాలయు పట్టము నీయలేదు. మరి నేటి పిల్లకు చదువేల? ఆకలి తనంతట తాను గుమ్మము ముందుకు వచ్చి నిలుచును. దాని మందు ఎల్లరకును తెలిసినదే. కాని కొన్ని దుఃఖములు గుమ్మము కడకు రావు. అవి ముఖము కప్పుకొని యింటిలోపలనే యుండును. వానికి మందేమో చూచినంతనే తెలియదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానును కోనసీమలో పెద్దలెవ్వరు మరువగలరు? వేయిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. సముద్రముపై వేటకు పోయిన మత్స్యకారు లనేకులు తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలకొరగినవి. అన్నపు పొట్లములును, దుప్పట్లును వచ్చినవి, అవి యవసరమే. కాని దేశవాళీ కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. వేటకు పోయిన భర్త శవమైనను దొరకని స్త్రీ, తాను విధవయో కాదో తెలియక, పరిహారపు కాగితములు చూపలేక, పిల్లలకు ఏమి చెప్పవలెనో తోచక కూర్చుండును. పొట్లము లయిపోయిన తరువాత ఆమెకు తోడుండవలసిన వారెవరు? సంఘసేవ యొక వృత్తియగుట అక్కడ మొదలగును.

ఒక కుటుంబము

ఒక దృష్టాంతమును కల్పించుకొని చూతము. అది గోదావరి నడుమ నొక లంకగ్రామము. తల్లి ఇంటిపనికై కువైటుకు పోయినది. ఆమె కుమార్తెయు, కుమారుడును మామ్మ వద్ద నున్నారు. తండ్రి త్రాగుబోతు. మూడు నెలలుగా సొమ్ము రాలేదు. తల్లి ఫోను పలుకుట లేదు. పెద్దపిల్లకు పదునాలుగేండ్లు. బడి మాన్పించి యెవరి చేతిలోనైన పెట్టవలెనని మామ్మ సంకల్పము.

దయగల పొరుగింటి యిల్లాలు బియ్యపు మూట తెచ్చి యిచ్చి, "ఇంత పసిదానికి పెళ్లేమిటమ్మా, బుద్ధి లేదూ?" అని మందలించును. ఆ సంగతి నలుగురితో చెప్పును. బియ్యము పదిదినములలో నయిపోవును. మామ్మ సిగ్గుపడి తలుపు వేసికొనును. పెండ్లి రహస్యముగా మరియొక యూర జరిగిపోవును. పొరుగింటి యిల్లాలి మనసు మంచిదే. పని మాత్రము చెడినది.

శిక్షణ పొందిన కార్యకర్త మొదటి దినమున తీర్పు చెప్పదు. మామ్మ ప్రక్కన కూర్చుండి వినును. విన్న కొలది, ఆ పెండ్లి వెనుక నున్నది క్రూరత్వము కాదు, భయమని తెలియును: "నేను పోతే ఈ ఆడపిల్ల గతేమిటమ్మా?" అని ముసలామె కన్నీరు. పిల్లతో వేరుగా మాటలాడి దాని కోరికయు తెలిసికొనును. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరమని బెదిరింపుగా కాక, మామ్మకు తెలియునట్లు విడమరచి చెప్పును. పిల్ల సురక్షితముగా చదువుకొనగల ప్రభుత్వ వసతి పాఠశాలను చూపి, ఆ భయమునకు వేరొక దారి తెరచును.

తల్లి సంగతి మరియొకటి. పదవ తరగతి దాటని స్త్రీలు ఇంటిపనికై గల్ఫు దేశములకు పోవలెనన్న ముప్పదియేండ్లు నిండి యుండవలెను. ప్రభుత్వపు అనుమతి కావలెను. ఈ నిబంధనను తప్పించుటకు కొందరు దళారులు సందర్శకుల వీసాపై పంపుదురు. అట్లు పోయినవారి పేరు ఏ పుస్తకమునను ఉండదు. కార్యకర్త ఇంటిలోని కాగితములను వెదకి, పాస్‌పోర్టు సంఖ్యను, యజమాని చిరునామాను పట్టుకొని, విదేశాంగశాఖవారి మదద్ విభాగము ద్వారా కువైటులోని భారత రాయబార కార్యాలయమునకు ఫిర్యాదు పంపించును. తండ్రిని త్రాగుడు మాన్పించు వైద్యుని కడకు చేర్చుటకు యత్నించును. ఇదంతయు వ్రాసి యుంచుకొని మరల వచ్చును. రెండు నెలలకు మరల వచ్చును. ఎంత చెప్పినను పెండ్లి ఆగునట్లు లేదా, పిల్లలకై యేర్పడిన 1098 సంఖ్యకు తెలిపి అధికారులను పిలిపించును.

పొరుగింటి యిల్లాలికిని, ఈమెకును భేదము దయలో లేదు. ఇతరుల రహస్యమును కాచుట, తీర్పరి కాకుండుట, నిర్ణయమును ఆ యింటివారిచేతనే చేయించుట, పిల్లకు హాని యున్నచో మాత్రము వెనుకాడకుండుట, తాను లేకున్నను వారు నిలువగలిగిన నాడు తప్పుకొనుట: ఇవి పుట్టుకతో రావు, నేర్వవలసినవి.

ఈ విద్య ఎట్లు పుట్టినది?

పాశ్చాత్యదేశములందును ఇది దానధర్మములనుండియే పుట్టినది. 1889లో జేన్ ఆడమ్సు అను స్త్రీ తన స్నేహితురాలితో కలిసి చికాగో నగరమున పేదల నడుమ హల్ హౌస్ అను గృహమును స్థాపించి, వారి పొరుగుననే కాపురముండి సేవ చేసెను. మేరీ రిచ్మండు 1917లో ప్రకటించిన గ్రంథమున, రోగికి వైద్యుడు నిదానము చేయునట్లే కుటుంబ కష్టమునకును కారణ పరీక్ష చేయవలెనని వివరించెను. మనదేశమున 1936లో బొంబాయియందు సర్ దొరాబ్జీ టాటా పేరిట మొదటి సంఘసేవా విద్యాలయము వెలసినది; అదియే నేటి టాటా సమాజశాస్త్ర సంస్థ. 1952లో మద్రాసునను అట్టి విద్యాలయ మేర్పడినది.

ఆంధ్రస్త్రీలకు ఈ త్రోవ చూపినవారు దుర్గాబాయి దేశముఖ్ గారు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, బాల్యముననే బాలికలకు హిందీ పాఠశాల నడపిరి. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిరి. ఉత్సాహముతో మొదలైన ఆ జీవితము క్రమముగా శాస్త్రమును, చట్టమును ఆశ్రయించినది. వారు న్యాయశాస్త్రము చదివి, రాజ్యాంగ సభలో కూర్చుండి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. నడుమ చదువాగిపోయిన స్త్రీలు కొలదికాలములో పరీక్షకు కూర్చుండునట్లు ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. ఉపకారముగా నిచ్చిన చీర చిరిగిపోవును గాని, ఆ చదువుతో నర్సులును, ఉపాధ్యాయినులును అయిన స్త్రీలు తమ పిల్లలను తామే నిలబెట్టుకొనిరి.

జీతము మాటేమి?

"జీతము పుచ్చుకొన్నచో నది సేవ యెట్లగును?" అని కొందరందురు. బడిపంతులు జీతము పుచ్చుకొనును, నర్సు పుచ్చుకొనును. అందుచేత వారి పని నీచమగునా? జీతము లేని పనిలో రెండు దోషములు గలవు. మొదటిది, కలిగినవారి యాడపడుచులకు తప్ప అన్యులకు అది దుర్లభము. లంకలో పుట్టి వరదల నెరిగిన కూలివాని కూతురు దానిలోనికి రానేరదు. రెండవది, జీతము లేనివారిని "నిన్న యేల రాలేదు?" అని యడుగు హక్కు ఎవ్వరికి నుండదు.

ఈ వృత్తికి చట్టములందును స్థానము లభించుచున్నది. 2025 దాక అమలునందున్న 1948 నాటి కర్మాగారముల చట్టము ప్రకారము, ఐదువందల మందికి తక్కువ కాకుండ కార్మికులున్న చోట సంక్షేమాధికారి యుండవలసి యుండెను. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము, నేరారోపణ గల పిల్లల విచారించు మండలిలో న్యాయాధికారితో పాటు ఇద్దరు సంఘసేవకులు కూర్చుందురు. వారిలో నొకరైనను స్త్రీ కావలెను. 2017 నాటి మానసికారోగ్య చట్టమును, 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమును ఆసుపత్రులలో పనిచేయు సంఘసేవకులను ప్రత్యేకముగా పేర్కొన్నవి.

అయినను నిజము దాచరాదు. న్యాయవాదులకును, నర్సులకును ఉన్నట్లు సంఘసేవకు లందరికిని కలిపి చట్టబద్ధమైన మండలి మన దేశమున లేదు. అనేక ఉద్యోగములు ఒప్పందముపై నడచునవి. స్వచ్ఛంద సంస్థలలో జీతము స్వల్పము. 1975లో మొదలైన అంగన్‌వాడీలలోను, 2005లో వచ్చిన ఆశా పథకములోను పాటుపడు స్త్రీలకు జీతమను పేరైన లేదు; వారికిచ్చునది గౌరవవేతనము. స్త్రీ చేయు సేవను పొగడుట తేలిక, దానికి వెలకట్టి యిచ్చుట కష్టమని దీనివలన తెలియుచున్నది. ఈ లోపము పిల్లను ఆపుటకు కారణము కాదు. లోపమును సరిదిద్దుమని మనమందరము అడుగుటకు కారణము.

ఊళ్లు తిరుగుట గౌరవమా?

మేనత్తగారి ప్రశ్నకు నర్సుల చరిత్రయే సమాధానము. ఒకప్పుడు పరపురుషుల పుండ్లు కడుగుట కులస్త్రీలకు తగదనిరి. 1860లో ఫ్లారెన్సు నైటింగేలు లండనులో శిక్షణాలయమును నెలకొల్పిన పిమ్మట ఆ పనికి క్రమమును, క్రమముతో గౌరవమును వచ్చినవి. సంఘసేవకురాలు దిక్కు తెలియక తిరుగునది కాదు. పట్టము పొందిన పిమ్మట రెండేండ్లు చదువును. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునందును, హైదరాబాదున రోడా మిస్త్రీగారి పేరిటి కళాశాలయందును ఈ విద్య కలదు. పుస్తకముల చదువుతో పాటు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఆసుపత్రులందును, పేటలందును పని నేర్చుకొనవలెను. ఎక్కడికి పోయినది, ఎందుకు పోయినది వ్రాసి చూపవలెను.

అందరు బాలికలకును ఇది తగదు. గుట్టు దాచలేనిది, ఇతరులపై పెత్తనము కోరునది, కృతజ్ఞతకై ఎదురుచూచునది దీనికి పనికిరాదు. ఓర్పుతో విని, చూచినది చూచినట్లు వ్రాయగల పిల్లకు మాత్రము అడ్డు చెప్పకుడు. ఆమె కోడలిగా వచ్చిన యింటివారికి నొక మనవి: సాయంకాలము అలసి వచ్చినపుడు "ఇవాళ ఎవరింట్లో ఏమి జరిగింది?" అని యడుగకుడు. ఆమె చెప్పరాదు. ఇంత కాఫీ యిచ్చి కొంతసేపు ఊరక కూర్చుండనిండు. ఇతరుల దుఃఖమును దినమంతయు మోసినవారికి అదియే విశ్రాంతి.

గన్నవరము కడ, వైనతేయ పాయపైగా, గోదావరి కాలువనీటిని ఆవలి యొడ్డునకు దాటించు అక్విడక్టు గలదు. 2000లో కట్టిన క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. క్రింద నది నిండ నీరున్నను, ఆ కట్టడము లేనిదే ఆవలి నగరము సీమ చేలు తడియవు. మన హృదయములందును దయకు కొదవ లేదు. దానిని కావలసిన గుమ్మము దాక చేర్చుటకు నేర్పు గల చేతులు కావలెను. మీ కుమార్తె ఆ చేతులలో చేరెద ననునపుడు, ఆమెను సీతమ్మగారి మార్గమున పోవుచున్నదానిగానే భావించి ఆశీర్వదింపుడు.