పెట్టె ఎర్రబడితే దరఖాస్తు పోయినట్టా?

మండల కేంద్రంలో మీసేవ గది. బల్లకు ఇవతల ఒక పెద్దాయన ఆధార్ కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని అంకెలు చదువుతున్నాడు. అవతల కుర్రాడు కంప్యూటరులో కొడుతున్నాడు. పదకొండు అంకెలు కొట్టి కింది గడిలోకి వెళ్లగానే పై పెట్టె చుట్టూ ఎర్రగీత వచ్చింది. పెద్దాయన గతుక్కుమన్నాడు.

"ఏం బాబూ, పైవాళ్లు ఒప్పుకోలేదా?"

"ఒక అంకె తగ్గింది తాతా. మళ్లీ చదువు."

పన్నెండో అంకె పడింది. ఎర్రగీత పచ్చగీత అయింది. "హమ్మయ్య, పనైపోయింది" అంటూ పెద్దాయన కండువా దులుపుకుని లేచాడు.

పని అవలేదు. అసలు మొదలే కాలేదు. ఏ మండలంలోనైనా కనిపించే దృశ్యమిది. పెట్టె ఎర్రబడినప్పుడు గానీ, పచ్చబడినప్పుడు గానీ దరఖాస్తు ఆ గది గడప దాటలేదు. రంగు మార్చింది తహసీల్దారు కాదు, రాజధానిలో కూర్చున్న అధికారీ కాదు. సాధారణంగా ఇలాంటి పెట్టెల రంగు మార్చేది ఆ కంప్యూటరులోనే నడిచే నాలుగు లైన్ల ప్రోగ్రాము. దాని పేరు జావాస్క్రిప్ట్.

ఇంకో విశేషం ఉంది. ఆధార్ నంబరులో చివరి అంకె ముందున్న పదకొండింటి నుంచి లెక్క కట్టి వచ్చేది. మధ్యలో ఒక అంకె తప్పు కొడితే ఆ లెక్క కుదరదు. అందుచేత ఎవరినీ అడగకుండానే, నెట్ లేకపోయినా సరే, నంబరు తప్పని ప్రోగ్రాము పట్టేయగలదు. అయితే లెక్క కుదిరిన నంబరు ఎవరిదో దానికి తెలియదు. తెలియకుండానే పచ్చగీత గీస్తుంది.

బొమ్మ, రంగు, ఆడించే చెయ్యి

తోలుబొమ్మలాట చూసినవారికి ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. వెబ్ పేజీలో మూడు పనులుంటాయి. తోలు కత్తిరించి బొమ్మ చేయడం ఒకటి. దాన్ని హెచ్‌టీఎంఎల్ చేస్తుంది. ఇది శీర్షిక, ఇది పెట్టె, ఇది మీట అని చెప్పడమే దాని పని. బొమ్మకు రంగులద్దేది సీఎస్ఎస్. తెర వెనుక నిలబడి ఆడించే చెయ్యి జావాస్క్రిప్ట్. ఆటగాడికి లేని సౌలభ్యం దీనికొకటుంది. ఆట మధ్యలో, చూస్తుండగానే, బొమ్మ చీర రంగు మార్చేయగలదు. బొమ్మను పెంచగలదు, కుదించగలదు, మాయం చేయగలదు.

మార్చే తీరు కష్టమేమీ కాదు. పేజీలో ప్రతి భాగానికీ ఒక పేరు పెట్టవచ్చు. ప్రోగ్రాము ముందు ఆ పేరుతో భాగాన్ని పిలుస్తుంది. తరువాత దాని 'స్టైల్' అనే సంచిలో చెయ్యి పెట్టి 'కలర్' అన్న చోట 'రెడ్' అని రాస్తుంది. అంతే, అక్షరాలు ఎర్రబడతాయి. డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలు మొదట్లో తడబడేది రెండు చోట్ల. సీఎస్ఎస్‌లో నేపథ్యం రంగును 'బ్యాక్‌గ్రౌండ్', 'కలర్' అనే మాటల మధ్య చిన్న అడ్డగీతతో రాస్తారు. జావాస్క్రిప్ట్‌కు అడ్డగీత అంటే తీసివేత గుర్తు. అందుకని అక్కడ గీత తీసేసి రెండు మాటలూ కలిపి, రెండో మాటలో మొదటి అక్షరాన్ని పెద్దబడిలో రాయాలి. రెండోది కొలత. అక్షరం సైజు '20' అని ఊరుకుంటే కుదరదు, '20 పిక్సెల్స్' అనాలి. కొలత మరిచిపోతే బ్రౌజరు తప్పని కూడా అనదు, ఊరికే పట్టించుకోదు. దీంతో పిల్లలు గంటల కొద్దీ తల పట్టుకుంటారు.

చెయ్యి తిరిగినవాళ్లు ఒక్కో రంగూ విడిగా మార్చుకుంటూ కూర్చోరు. 'తప్పు' అనే చీటీ ఉన్నదానికి ఎర్రగీత, లేత ఎరుపు నేపథ్యం, లావు అక్షరం ఉండాలని సీఎస్ఎస్‌లో ముందే రాసి పెట్టుకుంటారు. ప్రోగ్రాము చేసేదల్లా చీటీ తగిలించడం, పీకేయడం. ఇదే మంచి పద్ధతి. రేపు రంగు మార్చాలన్నా ఒక్క చోట దిద్దితే చాలు.

ఈ మూడూ ఒకరోజున పుట్టినవి కావు. సీఎస్ఎస్ ఆలోచనను నార్వేకు చెందిన హోకన్ వియుం లీ 1994 అక్టోబరులో ప్రతిపాదించగా, 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది. జావాస్క్రిప్ట్ తొలిరూపాన్ని 1995 మే నెలలో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశాడు. 1997లో వచ్చిన రెండు పెద్ద బ్రౌజర్లు రంగు మార్చడానికి చెరో దారి పట్టాయి. పేజీలు రాసేవారు ఒకే పనిని రెండు సార్లు రాసుకోవలసి వచ్చేది. 2000 నవంబరులో ఉమ్మడి ప్రమాణం ఖరారైనా, బ్రౌజర్లన్నీ దారికి రావడానికి ఏళ్లు పట్టింది.

తెగిపోయే వత్తులు

తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకంగా ఒక తంటా ఉంది. చూపు ఆననివారి కోసం చాలా ప్రభుత్వ వెబ్‌సైట్లలో అక్షరం పెద్దది చేసే మీట పెడతారు. నొక్కితే ప్రోగ్రాము అక్షరం కొలత పెంచుతుంది. బాగానే ఉంది. కానీ ఆ అక్షరాలున్న పెట్టె ఎత్తు ఇంగ్లీషుకు సరిపడా బిగించి ఉంటే? ఇంగ్లీషు అక్షరానికి పైన గుడి లేదు, కింద వత్తు లేదు. మన అక్షరానికి రెండూ ఉన్నాయి. పెట్టె ఇరుకైతే ముందు తెగేది వత్తే. 'పట్టా' కాస్తా 'పటా' అవుతుంది, 'అప్పు' 'అపు' అవుతుంది. 'లక్ష్మి' గతి చెప్పనక్కరలేదు. పెట్టె ఎత్తు బిగించకుండా, వరుసల ఎడం అక్షరంతోపాటే పెరిగేలా రాస్తే ఈ బాధ ఉండదు. తెలుగు పేజీని తెలుగు చదివేవాడు ఒకసారి పరీక్షగా చూస్తే చాలు, పట్టుబడే లోపమే ఇది.

అలాగే ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించని వారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, మగవారిలో మరీను. వారికి గీత రంగు మారినా ఒకటే, మారకపోయినా ఒకటే. 'ఒక అంకె తగ్గింది' అని పక్కనే మాటల్లో కూడా రాయాలి.

రంగుతో బేరం

ఇదే విద్యను అమ్మకాల్లో మరోలా వాడుతున్నారు. 'సరే' అన్న మీటను పెద్దగా, పచ్చగా చేసి, 'వద్దు' అన్నదాన్ని బూడిదరంగులో కనీకనిపించకుండా పెడతారు. అడగని వస్తువును బుట్టలో వేసి, దాని వరుసను చివరిదాకా దాచిపెడతారు. 'ఇంకా 5 నిమిషాలే' అని ఎర్రటి గడియారం పరుగెత్తిస్తారు. పేజీ మళ్లీ తెరిస్తే ఆ గడియారం కొన్నిచోట్ల మళ్లీ అయిదు నిమిషాల దగ్గరే మొదలవుతుంది! ఇలాంటి 13 రకాల ఎత్తులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీచేసి నిషేధించింది.

అంతకంటే ప్రమాదమైనది ఇంకొకటి. బ్రౌజరులో తెరిచిన ఏ పేజీనైనా చూస్తున్నవాడు తన తెర మీద మార్చుకోవచ్చు. పేజీలు తయారుచేసేవారి కోసం ఆ పనిముట్లు కంప్యూటరు బ్రౌజరులోనే ఇచ్చి ఉంటాయి. వాటితో ఖాతాలోని 500 పక్కన రెండు సున్నాలు చేర్చవచ్చు. 'పెండింగ్' అన్న ఎర్రమాటను 'చెల్లించబడినది' అని పచ్చగా దిద్దవచ్చు. బ్యాంకులో గానీ, రెవెన్యూ రికార్డులో గానీ ఒక్క అక్షరం మారదు. పేజీ మళ్లీ తెరిస్తే పాత అంకెలే వస్తాయి. కానీ ఈలోపు ఆ తెరను ఫొటో తీసి చూపిస్తే కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

అందుకే గొర్రెలు తోలుకుపోయేవాడో, మిర్చి బస్తాలు ఎత్తించుకునేవాడో 'డబ్బు వేశాను, ఇదిగో పచ్చగుర్తు' అంటూ తన ఫోను చూపిస్తే, అమ్మినవారు చూడవలసింది ఆ ఫోను కాదు, తమ ఖాతా. అడంగల్ కాగితమైనా, ఆదాయ ధ్రువపత్రమైనా ఎవరో పంపిన ఫొటోను నమ్మి బయానా ఇచ్చేముందు, సర్వే నంబరో, ధ్రువపత్రం నంబరో తీసుకుని అసలు వెబ్‌సైటులో స్వయంగా తెరిపించి చూసుకోవచ్చు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో అయిదు నిమిషాల పని. సొమ్ము పోయిందని తెలిస్తే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో సొమ్ము ఆపే వీలు అంత ఎక్కువ.

ఇక మీసేవ పెద్దాయన సంగతి. కుర్రాడు ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టాడు. ఇంకా తొమ్మిది గడులు నింపవలసి ఉంది. అన్నీ నింపి పంపాక దరఖాస్తు నంబరుతో రసీదు వచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆధార్ కార్డు సంచిలో దాచుకున్నాడు.