ఎగువ గోదావరి గురుగ్రంథం
సిక్కుల గురించి మన అపోహలు – వాస్తవాలు

మంచిర్యాల జిల్లా చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఈ ఉత్తరవాహినిలో స్నానం చేసి అగస్త్యేశ్వరుణ్ని దర్శించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. అదే నదికి ఎగువన నాందేడ్ ఉంది. సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే అత్యున్నత మతపీఠాల్లో, ఒకటైన హజూర్ సాహిబ్ అక్కడే ఉంది. ఆ ఊరి మీదుగా పారిన నీళ్లే కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, బాసర, ధర్మపురి దాటి మన రేవులకు చేరతాయి. ఇంత దగ్గర ఉండి కూడా సిక్కుల గురించి మనం మాట్లాడేదంతా చాలావరకు సినిమాల్లో చూసిందీ, బడిలో ఒక పేరాలో చదివిందీ. ఈ ప్రాంతంలో తరచూ వినబడే కొన్ని మాటలను ఇక్కడ సరిచూద్దాం.

అపోహ: సిక్కు మతం పంజాబుది. దక్కనుతో దానికి సంబంధం లేదు.

వాస్తవం: సిక్కు చరిత్రలో ఒక పెద్ద మలుపు దక్కనులోనే, గోదావరి ఒడ్డున జరిగింది. 1707లో ఔరంగజేబు చనిపోయాక అతని కొడుకు బహదూర్ షా, తమ్ముడు కాంబక్ష్‌తో తేల్చుకోవడానికి హైదరాబాదు వైపు బయలుదేరాడు. పదో గురువు గురు గోబింద్ సింగ్ ఆ దండుతో పాటు దక్షిణానికి వచ్చి 1708లో నాందేడ్‌లో ఆగారు. అక్కడ గోదావరి ఒడ్డున మఠం పెట్టుకుని ఉన్న మాధోదాస్ అనే బైరాగి ఆయనకు శిష్యుడై బందా సింగ్ బహదూర్‌గా మారాడు. పంజాబుకు వెళ్లి, రెండేళ్లు తిరక్కముందే మొగలుల సర్‌హింద్‌ను గెలిచింది ఆయనే. గురువు మాత్రం నాందేడ్ దాటలేదు. ఒక పఠాను కత్తిపోటుకు గాయపడి ఆ అక్టోబరులో అక్కడే కన్నుమూశారు. తన తరువాత మనిషి ఎవరూ గురువుగా ఉండరని, గ్రంథమే గురువని చెప్పి వెళ్లారు. పదిమంది గురువుల పరంపర ముగిసిందీ, గ్రంథానికి గురుపీఠం దక్కిందీ మన నది మీదే.

ఇప్పుడున్న హజూర్ సాహిబ్ కట్టడం 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించినది. రోజూ ఒక సింగ్ కాలినడకన గోదావరికి వెళ్లి, గాగరు అనే బిందెలో నీళ్లు నింపుకొని తెస్తారు. తఖ్తును కడిగేది ఆ నీళ్లతోనే. నాందేడ్ 1956 దాకా మనతో పాటు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. అందుకే ఈ గురుద్వారా పాలన కోసం ఆ ఏడు వచ్చిన చట్టం కూడా హైదరాబాదు రాష్ట్ర శాసనమే.

నాందేడ్ ఒక్కటే కాదు. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో దీక్ష తీసుకున్న సిక్కుల సంఘం ఖాల్సా ఏర్పడినప్పుడు, గురువు అడగ్గా తల ఇవ్వడానికి లేచి నిలబడ్డ ఐదుగురిలో సాహిబ్ సింగ్‌ది మన పొరుగున ఉన్న బీదరు అని సిక్కు సంప్రదాయం చెబుతుంది. ఆయనది క్షురక వృత్తి. మిగతావాళ్లలో ఒకరు పూరీ జగన్నాథం నుంచి, ఒకరు ద్వారక నుంచి, ఒకరు హస్తినాపురం నుంచి, ఒకరు లాహోరు నుంచి వచ్చారు. పంజాబీలే అయి ఉండాలన్న షరతు పుట్టుకలోనే లేదు. ముక్త్‌సర్ పోరులో మొగలులపై కత్తి పట్టిన మాయి భాగో, గురువు పోయాక ఇంకా దక్షిణానికి వచ్చి బీదరు దగ్గర జన్వాడలో చివరి రోజులు గడిపిందంటారు. బీదరులోని నానక్ ఝీరా ఊటకు మొదటి గురువు నానక్ రాకతో ముడిపడిన కథ ఉంది.

ఆ తరువాత నిజాం నాసిరుద్దౌలా కాలంలో, దివాన్ చందూలాల్ హయాంలో, 1832 ప్రాంతంలో రంజిత్ సింగ్ పంపిన సిక్కు దళాలు హైదరాబాదుకు వచ్చాయి. లాహోరీ ఫౌజ్ అనేవాళ్లు. కిషన్‌బాగ్‌లోని బరంబాలా గురుద్వారా వాళ్లది. తిరిగి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయినవారి వారసులే దక్కనీ సిక్కులు. దక్కనీ, తెలుగు మాట్లాడే ఈ కుటుంబాలను ఇంకా పరాయివాళ్లుగా చూడటం అన్యాయం. దాదాపు రెండు శతాబ్దాలుగా వాళ్లది ఈ నేలే.

అపోహ: సిక్కులు పుస్తకాన్ని విగ్రహంలా పూజిస్తారు. ఆ పుస్తకం గురు గోబింద్ సింగ్ రాసింది.

వాస్తవం: రెండూ తప్పే. గురుద్వారాలో వేకువన గ్రంథాన్ని తెచ్చి, గద్దె మీద పరిచిన మెత్తల మీద తెరుస్తారు. పైన చాందినీ, పక్కన చౌరీ పట్టుకున్న సేవకుడు ఉంటారు. ఆ సమయానికి తెరుచుకున్న పుటలో ఎడమవైపు పైన వచ్చిన పదాన్ని, అంటే శబదాన్ని, చదువుతారు. ఆ రోజుకు అదే ఆజ్ఞ, హుకుంనామా. బిడ్డ పుడితే అలా వచ్చిన శబదంలోని మొదటి అక్షరంతో పేరు పెడతారు. రాత్రి గ్రంథాన్ని మూసి, రుమాలా చుట్టి, విశ్రాంతి గదికి తీసుకెళతారు. చూసేవాళ్లకు ఇది మన గుళ్లలోని సేవల్లా అనిపించవచ్చు. సిక్కుల నమ్మకం వేరు. దేవుడు నిరాకారుడు, ఆ దేవుడికి ఏ రూపమూ చేయరాదు. తల వంచేది కాగితానికి కాదు, అందులోని మాటకు. ఆ మాటే గురువు.

ఆ మాటలు ఎవరివో తెలిస్తే మనవాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. ఐదో గురువు అర్జన్ 1604లో మొదటి ప్రతిని సిద్ధం చేసి అమృత్‌సర్‌లో ఉంచారు. తొమ్మిదో గురువైన తన తండ్రి తేగ్ బహదూర్ పదాలను తరువాత గురు గోబింద్ సింగ్ చేర్చారు. తన రచనలను మాత్రం అందులో పెట్టలేదు. అవి దశమ గ్రంథంలో ఉన్నాయి. 1430 పుటల గురుగ్రంథంలో ఆరుగురు గురువుల పదాలతో పాటు పదిహేనుమంది భక్తులవీ ఉన్నాయి. నేతపని చేసిన కబీరు, తోలుపని చేసిన రవిదాస్, సూఫీ అయిన షేక్ ఫరీద్, సేద్యం చేసిన ధన్నా, కసాయి వృత్తిలోని సధనా అందులో ఒకే వరుసలో కూర్చున్నారు. పాండురంగడి భక్తుడిగా మనకు బాగా తెలిసిన నామదేవుడివి 61 పదాలున్నాయి. ఆయన పుట్టిన ఊరిగా చెప్పే నర్సీ నాందేడ్‌కు పొరుగు జిల్లా అయిన హింగోలిలో ఉంది. గీతగోవింద కర్త జయదేవుడివిగా భావించే పదాలు రెండున్నాయి. అన్నమయ్య రాగిరేకుల మీద సంకీర్తన పక్కన రాగం పేరు చెక్కినట్టే, ఇందులో పదాలను రాగాల వారీగా, 31 రాగాల కింద అమర్చారు. ఇది మౌనంగా చదువుకునే పుస్తకం కాదు, పాడుకునే పుస్తకం. వేరే మతాల వాళ్ల పాటలను తన వేదంలో సమానంగా నిలబెట్టుకున్న మతం ప్రపంచంలో ఇంకొకటి చూపించడం కష్టం.

అపోహ: సిక్కు మతం హిందూమతంలో ఒక శాఖ. ముస్లింలతో పోరాడటానికి పుట్టిన సైన్యం.

వాస్తవం: శాఖ అనేవాళ్లు రాజ్యాంగంలోని 25వ అధికరణాన్ని చూపిస్తారు. అందులో హిందువులంటే సిక్కులు, జైనులు, బౌద్ధులను కలిపి అర్థం చేసుకోవాలన్న వివరణ ఉన్న మాట నిజమే. అది హిందూ మతసంస్థలను అన్ని వర్గాలకూ తెరిచే నిబంధన వరకే వర్తిస్తుంది. జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం కింద సిక్కులు వేరే మైనారిటీ. వాళ్ల పెళ్లికి 1909 నుంచీ ఆనంద్ వివాహ చట్టం ఉంది. అగ్ని చుట్టూ కాదు, గ్రంథం చుట్టూ నాలుగుసార్లు తిరుగుతారు.

ఇక ముస్లింల మాట. భంగానీ యుద్ధంలో గురు గోబింద్ సింగ్ మీదికి వచ్చింది కొండప్రాంతపు హిందూ రాజులు. ఆయన పక్షాన తన కొడుకులతో వచ్చి నిలబడింది ముస్లిం సూఫీ అయిన పీర్ బుద్ధూ షా. సర్‌హింద్‌లో మొగలు పాలకుడు గురువు చిన్న కొడుకులిద్దరినీ చంపబోతుంటే అది అన్యాయమని నిండు దర్బారులో అన్నది మాలేర్‌కోట్ల నవాబు షేర్ మహమ్మద్ ఖాన్. కాశ్మీరీ పండితుల మతస్వేచ్ఛ కోసం గురు తేగ్ బహదూర్ 1675లో ఢిల్లీలో తల ఇచ్చారని సిక్కులు గౌరవంగా చెప్పుకుంటారు. తాను ధరించని జంధ్యం కోసం ప్రాణం ఇచ్చిన మనిషి పోరాటం రాజ్యం చేసే బలవంతం మీదే. ఒక మతం మీద కాదు. ఈ చరిత్రను ఇప్పటి ఎన్నికల గొడవలకు సరిపడేలా కత్తిరించి చెబుతుంటే వినడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: సింగ్ అని పేరుంటే సిక్కే.

వాస్తవం: కాదు. రాజపుత్రులు ఖాల్సాకు ముందు నుంచే ఆ పేరు పెట్టుకుంటున్నారు. మన తెలుగు నేల మీద తరాలుగా ఉన్న బొందిలి కుటుంబాలు సింగులే, హిందువులే.

అపోహ: లంగరులో మాంసం ఉండదు కాబట్టి సిక్కులంతా శాకాహారులు.

వాస్తవం: గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనం లంగరు. అందులో మాంసం వండరు, ఎవరు వచ్చినా తినగలగాలని. ఇంటి దగ్గర తినేవాళ్లూ ఉన్నారు, తిననివాళ్లూ ఉన్నారు. 1945లో ఆమోదించిన సిక్కు ఆచార నియమావళి నిషేధించింది హలాల్ పద్ధతి మాంసాన్ని. పొగాకు మాత్రం అందరికీ కచ్చితంగా నిషేధం. గురుద్వారాకు వెళ్లేటప్పుడు జేబులో సిగరెట్టు పెట్టె కూడా ఉండకూడదు. తల కప్పుకుని, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని ఎవరైనా లోపలికి వెళ్లవచ్చు. మీ మతం, కులం ఎవరూ అడగరు. భోజనానికి అందరితో పాటు నేల మీద బంతిలో కూర్చోవాలి.

అపోహ: కిర్పాణ్ పట్టుకు తిరగడం చట్టవిరుద్ధం.

వాస్తవం: కిర్పాణ్ అనే కత్తిని ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగంలోని అదే 25వ అధికరణం చెబుతుంది. దేశంలో తిరిగే విమానాల్లో కూడా 6 అంగుళాలకు మించని అలుగు ఉన్నదాన్ని అనుమతిస్తారు.

అపోహ: పాగా, గడ్డం చూస్తే ఎవరో తెలిసిపోతుంది.

వాస్తవం: ఈ ధీమా ప్రాణాలు తీసింది. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన నాలుగో రోజునే అమెరికాలోని అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీని ఒకడు కాల్చి చంపాడు. పాగా చూసి అరబ్బు అనుకున్నాడు. 2012లో విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో కాల్పులు జరిగాయి. 2017లో కన్సాస్‌లో మన హైదరాబాదు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను చంపినవాడు ఆయనను ఇరానీ అనుకున్నాడు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి పిల్లలు వెళ్లి బతుకుతున్న దేశాలివి. సర్దార్జీ జోకులు చెప్పుకుని నవ్వే మన ఇళ్లకు ఈ ముప్పు దూరమేమీ కాదు.

అపోహ: సిక్కుల్లో కులం లేదు.

వాస్తవం: బోధనలో లేదు. గురువులు దాన్ని గట్టిగా ఖండించారు, లంగరు పంక్తి పెట్టింది దాన్ని చెరపడానికే. సమాజంలో మాత్రం మిగిలింది. పంజాబులో భూమి ఉన్న జాట్‌లకూ, దళితులైన మజహబీ సిక్కులకూ మధ్య దూరం ఇవాళ్టికీ ఉంది. మన ఊళ్లలో తాళంచెవులు, కత్తులు, ఇనుప సామాన్లు చేసి బతికే సర్దార్లలో చాలామంది సిక్లిగర్లు. ఒకప్పుడు గురువుల సేనకు ఆయుధాలు చేసి, సానపెట్టిన వృత్తివాళ్లు. 1950లో షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసి, పంజాబు ప్రాంతంలోని నాలుగు సిక్కు కులాలకు మాత్రమే మినహాయింపు ఇచ్చారు. ఆ నాలుగింటిలో సిక్లిగర్ ఒకటి. మిగతా దళిత సిక్కులకు తలుపు తెరుచుకోవడానికి 1956 దాకా పట్టింది.