బిల్లు పాసయిందంటే పొలానికి ఏమైనట్లు?



శాసన సభ సమావేశాలు జరిగే రోజుల్లో రచ్చబండ దగ్గర, చాయ్ హోటలు దగ్గర ఒకటే మాట వినపడుతుంది. "ఫలానా బిల్లు పాసయిందట. ఇక మన పాసు పుస్తకాలు సరవుతాయట" అని. మరునాడు పొద్దున్నే పదిమంది తహసీల్దారు కార్యాలయం ముందు నిలబడి వుంటారు. లోపలివారు "మాకింకా ఏమీ రాలేదు" అంటారు. పేపరు అబద్ధం రాసిందా, ఆఫీసువాళ్లు తప్పించుకుంటున్నారా అని వీరికి అనుమానం. నిజానికి ఇద్దరి మాటా నిజమే. బిల్లు సభలో పాసు కావడం ఒకనాటి పని. అది చట్టమై మీ సర్వే నంబరు దాకా రావడం మరొకనాటి పని. ఈ రెంటి నడుమ దారి ఎట్లా వుంటుందో, ఆ దారిలో రైతుకు లాభం ఎక్కడో, నష్టం ఎక్కడో ఈ పూట చెప్పుకుందాం.

బిల్లు అంటే చట్టానికి చిత్తుప్రతి. భూమి సంగతైతే రెవెన్యూ శాఖ, విత్తనాలో ఎరువులో అయితే వ్యవసాయ శాఖ దాన్ని తయారు చేస్తుంది. న్యాయశాఖ వారు భాష సరిచూస్తారు. మంత్రివర్గం ఒప్పుకున్న తరువాత సంబంధిత మంత్రి సభలో ప్రవేశపెడతారు. మంత్రి కాని సభ్యుడు కూడా బిల్లు తేవచ్చు గాని అట్లా వచ్చినవి చట్టాలు కావడం బహు అరుదు.

సభలో మూడు మెట్లు వున్నాయి. మొదటిది ప్రవేశపెట్టడం. ఆ రోజు సాధారణంగా పేరు చదువుతారు, ప్రతులు పంచుతారు, అంతే. మూడోది చివరి ఓటు. అసలు పని జరిగేది నడిమి మెట్టు మీద. అక్కడ ముందు బిల్లు ఉద్దేశం మీద చర్చ జరుగుతుంది. సభ కావాలనుకుంటే దాన్ని కొద్దిమంది సభ్యుల సెలెక్టు కమిటీకి పంపవచ్చు. ప్రజాభిప్రాయం కోసం బయటకూ పంపవచ్చు. లేదా అప్పుడే విచారణకు తీసుకోవచ్చు. విచారణ అంటే ఒక్కొక్క క్లాజూ తీసి చూడడం. సవరణలు వచ్చేదీ, వీగిపోయేదీ ఇక్కడే. మన ఎమ్మెల్యేగారు ఏదైనా మాట మార్పించగలరంటే ఈ మెట్టు మీదనే గాని, ఓటు అయిపోయిన తరువాత కాదు.

మన తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ శాసన మండలి వున్నది. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానాలు, తెలంగాణ మండలిలో 40. అసెంబ్లీలో నెగ్గిన బిల్లు మండలికీ పోవాలి. మండలి దాన్ని ఆపగలదు గాని చంపలేదు. మూడు నెలలు గడిచినా తేల్చకపోతే, లేదా తిరస్కరిస్తే, అసెంబ్లీ రెండోసారి ఆమోదించి పంపుతుంది. అప్పుడు మండలి చేతిలో మిగిలేది ఒక్క నెల. డబ్బు బిల్లయితే మొత్తం 14 రోజులే. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాజధాని బిల్లులు రెండు అసెంబ్లీ దాటి మండలిలో ఆగిపోయాయి. జూన్‌లో అసెంబ్లీ వాటిని మళ్లీ ఆమోదించింది. జులై 31న గవర్నరు సంతకం పడింది. 2021 నవంబరులో మరో బిల్లు తెచ్చి వాటిని వెనక్కి తీసుకున్నారు. రాజకీయంలో ఎవరిది ఒప్పు అనేది మన కార్యక్రమం పని కాదు. రాజధానికి భూములిచ్చిన రైతులు మాత్రం ఈ మెట్లన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

రెండు సభలూ దాటిన బిల్లు గవర్నరు దగ్గరకు వెళుతుంది. ఆయన సంతకం చేయవచ్చు, తిరిగి ఆలోచించమని పంపవచ్చు, రాష్ట్రపతి కోసం అట్టిపెట్టవచ్చు. కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల విషయాలలో, రాష్ట్రం బిల్లు కేంద్ర చట్టానికి అడ్డు వచ్చేట్లుంటే అది రాష్ట్రపతి దాకా పోవలసిందే. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఆ దారినే పోయింది. అది 2022 నాటి చట్టం, 2023 అక్టోబరు 31న గాని అమలులోకి రాలేదు. 2024 జులైలో అసెంబ్లీ దాన్ని రద్దు చేసే బిల్లును ఆమోదించింది. చట్టం పుట్టినట్లే పోవడం కూడా బిల్లు ద్వారానే జరగాలి. సభలో మంత్రిగారు "రద్దు చేస్తాం" అన్నంత మాత్రాన అది రద్దయినట్లు కాదు.

ఇప్పుడు తెలంగాణ రైతుకు చేతికందే ఉదాహరణ చూద్దాం. 2020లో కొత్త పట్టాదారు పాసు పుస్తకాల చట్టం వచ్చింది. సెప్టెంబరు 9న బిల్లు సభలో పెట్టారు, 11న అసెంబ్లీ, 14న మండలి ఆమోదించాయి. అక్టోబరు 29న ధరణి మొదలయింది. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకేనాడు జరగడం ఈ చట్టంతో వచ్చిన మేలు, కాదనడానికి లేదు. కాని అదే చట్టం రెవెన్యూ అధికారుల కోర్టులను తీసివేసింది. పేరు తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా, తహసీల్దారు ఉత్తర్వు మీద పై అధికారికి అప్పీలు చేసుకునే దారి లేకపోయింది. సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఎకరం పొలం వున్నవాడు సివిల్ కోర్టు ఖర్చు ఎక్కడ తెస్తాడు?

2024 డిసెంబరు 18న భూభారతి బిల్లు సభకు వచ్చింది. 20వ తేదీన అసెంబ్లీ ఆమోదించింది. 2025 జనవరి 9న గవర్నరు ఆమోదం తెలిపారు. ఇందులో అప్పీళ్లకు మళ్లీ దారి పెట్టారు. కొత్త చట్టంలో ఏమున్నది అనేది వేరే పూట చెప్పుకోవలసిన సంగతి. ఇప్పుడు తేదీలు మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. 2020 బిల్లు అసెంబ్లీలో వున్నది రెండు రోజులే, 2024 బిల్లు కూడా రెండు రోజులే. సభ లోపల తేడా లేదు. తేడా సభ బయట వున్నది. 2024 ఆగస్టులోనే, అంటే సభకు రావడానికి నాలుగు నెలల ముందే, ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు చెప్పమన్నారు. రైతు గొంతు వినిపించడానికి వీలున్న కాలం అదే. సభలో వున్న రెండు రోజుల్లో మన ఊరి సంగతి ఎవరు చెప్పగలరు, ఎవరు వినగలరు? బిల్లు పాసయ్యాక ధర్నా చేసేవారిని నేను తప్పుపట్టను గాని, ముసాయిదా రోజుల్లో కాగితం మీద నాలుగు మాటలు రాసి పంపడం అంతకంటె తేలిక, అంతకంటె ఫలం కూడాను.

"సారూ, డిసెంబరులోనే అసెంబ్లీ పాసు చేసింది గదా, మరి జనవరిలో పోతే నా తప్పు ఎందుకు దిద్దరు?" అని అడిగే రైతుకు జవాబు ఇది. గవర్నరు సంతకంతో బిల్లు చట్టమవుతుంది. కాని చాలా చట్టాలలో "ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుండి అమలు" అని వ్రాసి వుంటుంది. భూభారతికి ఆ తేదీ 2025 ఏప్రిల్ 14. అసెంబ్లీ ఓటు నుండి లెక్కిస్తే 115 రోజులు. అప్పుడైనా అన్ని ఊళ్లలో ఒకేసారి మొదలు కాలేదు. ముందుగా మద్దూరు, నేలకొండపల్లి, లింగంపేట, వెంకటాపూర్ అనే నాలుగు మండలాల్లో సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఇంకొకటి వున్నది, నిబంధనలు. ఏ ఫారం, ఎవరికి, ఎన్ని రోజుల్లో అనేది చట్టంలో కంటె నిబంధనల్లో ఎక్కువగా వుంటుంది. నిబంధనలు రాని చట్టం కాడి కట్టని నాగలి వంటిది.

అమలు తేదీ విలువ ఎంతటిదో సాదా బైనామా వారిని అడగండి. తెల్ల కాగితం మీద భూమి కొని, ఏళ్ల తరబడి దున్నుకుంటున్న చిన్న రైతులు వీరు. 2020 అక్టోబరులో ప్రభుత్వం వీరి నుండి క్రమబద్ధీకరణకు దరఖాస్తులు కోరింది. నవంబరు 10 దాకా గడువు. సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అయితే ఆ క్రమబద్ధీకరణకు ఆధారం 1971 నాటి పాత చట్టం. కొత్త చట్టం అక్టోబరు 29న అమలులోకి రావడంతో పాతది రద్దయింది. ఆ రోజు తరువాత పెట్టిన దరఖాస్తులకు కాళ్ల కింద చట్టమే లేకుండా పోయింది. హైకోర్టు ఆ మాటే ఎత్తి చూపి, వాటిని పరిశీలించవద్దన్నది. 28న అర్జీ ఇచ్చినవాడికీ 30న ఇచ్చినవాడికీ పొలంలో తేడా లేదు, కష్టంలో తేడా లేదు. తేడా అంతా గెజెటులో వున్న ఒక్క తేదీలో వున్నది. గడువు పొడిగించారని నింపాదిగా కూర్చున్నవారే ఎక్కువ ఇరుక్కున్నారు. కొత్త చట్టం పాసయ్యేటప్పుడే పాత చట్టం కింద నడుస్తున్న అర్జీల గతి ఏమిటని అడిగి, ఒక్క క్లాజు పెట్టించి వుంటే ఈ చిక్కు వచ్చేది కాదు. తరువాత భూభారతి చట్టంలో, 2014 జూన్ 2కు ముందు కొని, ఆ 2020 గడువులో దరఖాస్తు చేసినవారి కోసం ప్రత్యేకంగా సెక్షను పెట్టవలసి వచ్చింది. అప్పటి రసీదు దాచుకున్నవారికి ఆ కాగితం విలువ అప్పుడు తెలిసింది.

ఇక మరొక సంగతి. సమావేశాల్లో వినపడే ప్రతి మాటా బిల్లు కాదు. రుణమాఫీ, పెట్టుబడి సాయం వంటివి ఎక్కువగా ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడుస్తాయి. 2024 జులైలో తెలంగాణలో 2 లక్షల రూపాయల దాకా పంట రుణమాఫీ మార్గదర్శకాలు ఉత్తర్వుగానే వచ్చాయి. 2018 డిసెంబరు 12 నుండి 2023 డిసెంబరు 9 మధ్య అప్పులకే వర్తింపు అనేది అందులో వ్రాసిన మాట. అటువంటి పథకానికి డబ్బు మాత్రం బడ్జెట్టు సమావేశంలో ద్రవ్య వినిమయ బిల్లు ద్వారా రావాలి. కనుక పథకం గురించి అడిగేటప్పుడు "బిల్లు పాసయిందా" అని కాక "ఉత్తర్వు వచ్చిందా, అందులో తేదీలు ఏమిటి" అని అడగండి.

సమావేశాలు ముగిసినంత మాత్రాన మిగిలిన బిల్లు చచ్చిపోదు, తరువాతి సమావేశంలో అక్కడి నుండే మొదలవుతుంది. అసెంబ్లీయే రద్దయితే మాత్రం దానిలో పెండింగు వున్న బిల్లు పోతుంది. ఎన్నికల ఏడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దళారుల మాట కూడా చెప్పాలి. బిల్లు పాసయిన వారం వారికి పండుగ. "కొత్త చట్టం వచ్చింది, ముందు వరుసలో మీ పేరు పెట్టిస్తా, ఇంత ఇవ్వండి" అంటారు. అమలు తేదీ రాకముందు ఆ చట్టం కింద ఏ వరుసా వుండదు. నిబంధనలు రాకముందు ఫారమే వుండదు. డబ్బు అడిగినవాణ్ణి "గెజెటు తేదీ చెప్పు, ఫారం చూపు" అనండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. సమావేశాలు మొదలైన నాటి నుండి రైతు వేదిక బోర్డు మీద ఒక మూల ఖాళీగా వుంచండి. రైతుకు సంబంధించిన బిల్లు వచ్చినప్పుడు దాని పేరు, సభలో పెట్టిన రోజు, అసెంబ్లీ తేదీ, మండలి తేదీ, గవర్నరు సంతకం, అమలు తేదీ, నిబంధనల తేదీ వరుసగా రాయండి. జరగనిదాని ఎదుట ఖాళీ వదలండి, ఊహించి నింపవద్దు. ముసాయిదా బయట పెట్టినప్పుడు మాత్రం బోర్డుతో సరిపెట్టవద్దు. కౌలుదారులను, ఆడవారి పేర పట్టా వున్న ఇళ్లవారిని కూడా పిలిచి తెలుగులో చదివి వినిపించండి. వారు చెప్పిన ఇబ్బందులు సర్వే నంబర్లతో సహా రాసి, గడువుకు ముందే పై కార్యాలయానికి పంపి, అందినట్లు రసీదు తీసుకోండి.