కవచకారుల కత్తి బిళ్ళలు

జపాన్ కత్తిలో పిడికీ అలుగుకూ నడుమ అడ్డంగా ఉండే లోహపు బిళ్ళ పేరు త్సుబా. పిడి పట్టిన చెయ్యి అలుగు మీదికి జారకుండా ఆపడం, కత్తి తూకం సరిచెయ్యడం దాని పని. పిడి ఊడదీస్తే త్సుబా విడిగా చేతికొస్తుంది. అందుకే వాటిని మాత్రమే సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు.

పాత ఇనుప త్సుబాల్లో కత్తులు చేసే కమ్మరులవిగా భావించేవాటిని తోషో అని, కవచాలు చేసేవారివిగా భావించేవాటిని కచ్చూషి అని అంటారు. తొలినాటి బిళ్ళల మీద చేసినవారి పేరు సాధారణంగా ఉండదు. పనితనాన్ని బట్టే ఈ విభజన.

పాత కచ్చూషి త్సుబాలు ఎక్కువగా మురోమచి కాలానివి (1336-1573). అరచేయంత వెడల్పు, పలచని రేకు, సుత్తితో కొట్టి గట్టులా లేపిన అంచు వీటి గుర్తులు. ఆ అంచు వల్ల బరువు పెరగకుండానే రేకుకు బిగువు వస్తుంది. అలుగు తోక దూరడానికి నడుమ ఒక రంధ్రం ఉంటుంది. మిగతా చోట చెర్రీ పువ్వో, చంద్రవంకో చిన్న కంతగా తొలిచి ఉంటుంది. బంగారం, వెండి ఉండవు. సుత్తి దెబ్బల జాడలు, నల్లగా నిగనిగలాడే ఇనుమే వీటి అందం.

1603 తరువాత తొకుగావా పాలనలో శాంతి నెలకొంది. కవచాల అవసరం తగ్గింది. పేరుమోసిన కవచకారులైన మ్యోచిన్ వంశంవారు త్సుబాలూ చేశారు. 1876లో ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించడంతో వేలాది త్సుబాలు యూరప్, అమెరికాలకు తరలిపోయాయి.

జపాన్ కత్తులను తెలుగు నేల మీదే చూడవచ్చు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరణతో 1951లో హైదరాబాద్‌లో ప్రారంభమైన మ్యూజియంలో సమురాయ్ కత్తులున్నాయి.

సేకర్త ముందు చూడవలసింది ఇనుము పైపొర. శతాబ్దాలుగా పట్టిన ఆ నలుపును చింతపండుతోనో గరుకు కాగితంతోనో తోమితే విలువ పోయినట్టే. ఎర్ర తుప్పు కనిపిస్తే ఇనుము కన్నా మెత్తనైన ఎముక ముక్కతో నెమ్మదిగా గీకి, పొడి నూలుగుడ్డతో రోజూ తుడవాలి. పోత పోసిన నకిలీల్లో కంతల లోపలి గోడల మీద అచ్చు అతుకు గీత కనిపించవచ్చు. సందేహం తీరకపోతే, 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం పరిశీలించి ఇచ్చే ధ్రువపత్రం ఉన్నదాన్నే కొనడం మేలు.