ఇంటిల్లిపాదికీ ఏ పడవ?

సొంత పడవలో భార్యాపిల్లలతో కలిసి మహాసముద్రాలు దాటేవాళ్లున్నారు. పెళ్లిచూపులకన్నా పెద్ద పరీక్ష వాళ్లకు పడవచూపులే!

బాసరలో అక్షరాభ్యాసం అయిపోతుంది. చేతిలో పలకతో బుడతడు ‘పడవెక్కుదాం నాన్నా’ అంటాడు. గోదావరి ఒడ్డున నాన్న అడిగే మొదటి మాట... ‘మనిషికెంత?’. నిజానికి అడగాల్సింది అది కాదు. ఎంతమందిని ఎక్కిస్తారు, లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయా, పైనుంచి వరదేమైనా వస్తోందా... ఇవీ అడగాలి. 2019 సెప్టెంబరు 15న ఇదే గోదావరి మీద, కచ్చులూరు దగ్గర, నిండు వరదలో పర్యటక బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి సరదాగా వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు.

గంటసేపటి విహారానికే ఇన్ని ప్రశ్నలుంటే, ఈ గోదావరి వెళ్లి కలిసే సముద్రం మీద నెలల తరబడి పిల్లాపాపలతో ఉండాలనుకునేవాళ్ల సంగతేంటి? వాళ్లకు పడవే ఇల్లు, బడి, ఆసుపత్రి. అందుకే అనుభవజ్ఞుల మాట ఒక్కటే: పడవని బాగున్న రోజు కోసం కాదు, బాగాలేని రోజు కోసం ఎంచుకోవాలి.

తారిణి చెప్పిన పాఠం

అలాంటి రోజులెలా ఉంటాయో ఇద్దరు తెలుగమ్మాయిలకు బాగా తెలుసు. విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య. మొత్తం ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు వర్తికా జోషి సారథ్యంలో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లెక్కిన ‘తారిణి’ గోవాలోనే తయారైన 55 అడుగుల తెరచాప పడవ. పసిఫిక్‌లో గంటకు 110 కిలోమీటర్లు దాటిన గాలినీ, ఏడు మీటర్ల ఎత్తు అలలనూ తట్టుకుంది. అంత గట్టి పడవకీ చివరి మజిలీలో స్టీరింగ్ దగ్గర లోపం వచ్చింది. దాంతో అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. చెడిపోని పడవ ఉండదు. చెడినా ఒడ్డుకి చేర్చే పడవ కావాలి. చక్రం పనిచేయకపోతే చుక్కానిని నేరుగా తిప్పేందుకు విడిగా ఒక పిడి ఉందా అని చూడటం అందుకే.

పెద్దదైతే మంచిదా?

నలుగురున్న ఇంటికి 38 నుంచి 45 అడుగుల పడవ సరిపోతుందన్నది చాలామంది మాట. అంతకు పెరిగితే గది పెరుగుతుంది నిజమే. తెరచాప బరువూ, రేవులో అద్దే, మరమ్మతు ఖర్చూ పెరుగుతాయి. అసలు పరీక్ష వేరే ఉంది. నాన్న జ్వరంతో పడుకుంటే అమ్మ ఒక్కతే అర్ధరాత్రి గాలివానలో తెరచాప తగ్గించగలదా? లేదంటే ఆ పడవ ఆ ఇంటికి పెద్దదే! ఏర్పాట్లు సరిగా ఉండి, నేర్పూ ఉంటే కొద్దిమందే పెద్ద పడవని నడపగలరు. ఆరుగురు తిప్పిన తారిణిలోనే 2024 అక్టోబరు నుంచి 2025 మే వరకూ దిల్నా, రూప అనే ఇద్దరే ప్రపంచాన్ని చుట్టొచ్చారు.

ఒక పొట్టా... రెండా?

ఒకే పొట్ట ఉన్న పడవకి అడుగున బరువైన కీల్ ఉంటుంది. అల కొట్టి బోర్లాపడినా తలకిందుల బొమ్మలా మళ్లీ లేచి నిలబడుతుంది. కాకపోతే ఒకవైపు వాలి నడుస్తుంది, కడుపులో తిప్పుతుంది. రెండు పొట్టల కాటమరాన్ అంతగా వాలదు. పిల్లలు ఆడుకోవడానికి చోటెక్కువ, వంటా తేలిక. కానీ సముద్రంలో ఒకసారి తిరగబడితే తనంతట తాను లేవదు. సామాను ఎక్కువ నింపితే వేగమూ పోతుంది. అన్నట్టు, ఆ పేరు మన పొరుగుదే. తమిళ ‘కట్టుమరం’ నుంచి వచ్చింది. దుంగలు కట్టిన మన తెప్పలకి చుట్టమన్నమాట! యూరప్‌లో అమ్మే పడవలకు తరగతులుంటాయి. నాలుగు మీటర్లు, ఆపై అలలను తట్టుకునేలా కట్టినవే ‘ఏ’ తరగతివి. సముద్రయానానికి చూడాల్సింది అదే.

రంగు చూసి మోసపోవద్దు

చాలా కుటుంబాలు కొనేది పాత పడవే. పైన మెరుపు చూసి ముచ్చటపడితే కష్టం. నీళ్లలోంచి పైకి తీయించి, నిపుణుడితో అడుగంతా తట్టి చూపించాలి. తెరచాప కొయ్యని నిలబెట్టే తీగలు ఎప్పుడు మార్చారో అడగాలి. పదేళ్లు దాటితే మార్చుకోవడమే మేలు. చేతిలో డబ్బంతా కొనడానికే పెట్టేయకూడదు. ఏటా పడవ ఖరీదులో పదో వంతు నిర్వహణకు పోతుందన్నది నావికుల మోటు లెక్క.

తర్వాత నీళ్లు. అట్లాంటిక్‌లో కానరీ దీవుల నుంచి సెయింట్ లూసియాకు సుమారు 2,700 నాటికల్ మైళ్లు, అంటే 5,000 కిలోమీటర్లు. దాదాపు మూడు వారాలు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లనుకున్నా నలుగురికి 336 లీటర్లు. గాలి ఆగిపోతే? అందుకని ఇంకో సగం కలుపుకోవాలి. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్నా సరే, దాన్నే నమ్ముకోకూడదు. ఇక పిల్లలు దొర్లిపడకుండా పడకలకు అడ్డుగుడ్డలు, అంచుల చుట్టూ వల, పైకొస్తే నడుముకి తాడు తప్పనిసరి.

చిన్న పడవే కాపాడింది

డూగల్ రాబర్ట్‌సన్ ఇంగ్లండ్‌లో పాలవ్యాపారం చేసే రైతు. పొలం అమ్మేసి 1922 నాటి చెక్క పడవ ‘లూసెట్’ కొన్నాడు. 1971లో భార్యాపిల్లలతో బయల్దేరాడు. 1972 జూన్ 15న గాలాపగోస్ దీవులకు పడమర తిమింగలాలు ఢీకొడితే నిమిషాల్లో పడవ మునిగిపోయింది. అప్పుడు అందులో డూగల్, భార్య, ముగ్గురు కొడుకులు, ఒక యువకుడు... ఆరుగురున్నారు. గాలి నింపిన తెప్ప రెండు వారాలు దాటగానే చేతులెత్తేసింది. ఒడ్డుకు వెళ్లిరావడానికి వెంట తెచ్చుకున్న బుల్లి ఫైబర్ పడవలోకి అందరూ ఇరుక్కున్నారు. వాన నీళ్లు, తాబేలు రక్తం తాగి బతికారు. ముప్పై ఎనిమిదో రోజున జపాన్ చేపల పడవ వాళ్లని చూసింది. ఆరుగురూ దక్కారు!

అందుకే పడవతోపాటే దాని పిల్లనీ ఎంచుకోవాలి. ఇప్పుడు మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే పరికరాలున్నాయి. అవి ఉన్నాయి కదాని తెప్పని అశ్రద్ధ చేయకూడదు.

కొనేముందు నేర్చుకోవాలి

సముద్రానికి దూరంగా ఉన్నామని తెలంగాణవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల జాతీయ పోటీలే జరుగుతుంటాయి. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఎనిమిది అడుగులైనా లేని ‘ఆప్టిమిస్ట్’ పడవలుంటాయి. గాలి ఎటు వీస్తోందో చెంపకి తెలియడం అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత అద్దె పడవలో వారం రోజులు ఇంటిల్లిపాదీ గడిపి చూడాలి. ఎవరికి వాంతులవుతున్నాయో, ఎవరు భయపడుతున్నారో తేలిపోతుంది. ఒక్కరు వద్దన్నా ఆగాల్సిందే. నడిసముద్రంలో బస్టాపులుండవు మరి!