ఊరికో ఎండ, ఊరికో వాన

మే మధ్యలో రామగుండంలో పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటడం మామూలే. విశాఖపట్నంలో అదే రోజుల్లో 35 దగ్గరే ఆగుతుంది. పేపర్లో ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినవాళ్లు విశాఖవాసులు హాయిగా ఉన్నారనుకుంటారు. విశాఖలో ఉండేవాళ్లు మాత్రం ఆ మాట ఒప్పుకోరు. "ఎండ సంగతి సరే, ఈ ఉక్కపోతే భరించలేకపోతున్నాం. స్నానం చేసొచ్చిన పది నిమిషాలకే మళ్లీ ఒళ్లంతా తడిసిపోతోంది" అంటారు. రామగుండం వాళ్ల బాధ ఇంకో రకం. "పొద్దుగాల పది దాటినంక బయట అడుగు పెట్టలేం. గాలి కొడితే మొఖం మాడిపోతది" అంటారు.

ఇద్దరు చెప్పేదీ నిజమే. వాతావరణంలో ఉష్ణోగ్రత ఒక ముక్క మాత్రమే. ఊరు సముద్రానికి ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తున ఉంది, కొండలకు ఏ పక్కన ఉంది, ఏ రుతుపవనం దారిలో ఉంది అన్నవి కూడా తోడైతేనే ఆ ఊరి వాతావరణం అవుతుంది. సొంతూరి గురించి జనం చెప్పుకునే మాటల్లో ఇవన్నీ కలిసే ఉంటాయి. తెలుగు నేల మీద నాలుగు మూలలా ఉన్నవాళ్లను కదిలిస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

చెమట ఆరే ఊళ్లు, ఆరని ఊళ్లు

మన ఒంటికి చల్లబడే మార్గం చెమట. అది ఆవిరయ్యేటప్పుడు ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. రామగుండం, కొత్తగూడెం, నిజామాబాద్ లాంటి చోట్ల వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. ఒంట్లోని నీరు ఎంత పోతోందో మనిషికి అంతుపట్టదు, దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఎండాకాలం వచ్చిందంటే కార్మికులకు మజ్జిగ పంచడం అందుకే.

తీరంలో కథ తిరగబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడంతో చెమట త్వరగా ఆవిరి కాదు, ఒంటి మీదే నిలిచిపోతుంది. అమెరికా వాతావరణ శాఖ వాడే ఉష్ణసూచీ ప్రకారం 34 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే ఒంటికి 45 డిగ్రీలు మించిన వేడిలా తోస్తుంది. పైగా రాత్రి కూడా ఊరట ఉండదు. మే నెలలో విశాఖలో తెల్లవారుజామున సైతం 27, 28 డిగ్రీలుంటాయి. నిజామాబాద్‌లో చక్కగా పనిచేసే ఎయిర్ కూలర్ విశాఖలో గదిని ఇంకా చెమ్మగిల్లజేస్తుందే తప్ప చల్లబరచదు.

భారత వాతావరణ శాఖ ఈ తేడాను గుర్తించింది. సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగినప్పుడు వడగాలిగా ప్రకటించాలంటే మైదానంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండాలి, తీరంలో అయితే 37 చాలు. ఇక పడమటి నుంచి వచ్చే పొడిగాలి బలంగా వీచి సముద్రపు గాలిని లోపలికి రానివ్వని రోజుల్లో ఒంగోలు, బాపట్ల, మచిలీపట్నం కూడా 45 దాకా మండుతాయి. 2015 మే నెలాఖరులో అలాంటి వడగాలులకే రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది కూలి పనికి ఎండలోకి వెళ్లక తప్పనివాళ్లు.

రెండు రుతుపవనాల మధ్య

జూన్ 8 దగ్గరపడుతుండగా తెలంగాణ చేపల బజార్లు కిటకిటలాడతాయి. మృగశిర కార్తె నాడు చేపలు తినడం అక్కడి ఆనవాయితీ. రోళ్లు పగిలే రోహిణి కార్తె పోయి తొలకరి వచ్చిందన్న సంబరం అది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక కార్తెగా లెక్కగట్టి రైతులు విత్తనం వేసే అదను చూసుకునేవారు, ఇప్పటికీ చాలా ఊళ్లలో చూసుకుంటున్నారు.

నెల్లూరు రైతుకు మాత్రం మృగశిర పెద్ద ఆశ పెట్టదు. అతను ఎదురుచూసేది స్వాతి, విశాఖ కార్తెల కోసం, అంటే అక్టోబరు చివర, నవంబరు కోసం. ఆంధ్రప్రదేశ్‌లో చాలా జిల్లాలకు ఏడాది వానలో సగానికి పైగా నైరుతి రుతుపవనాలే ఇస్తే, నెల్లూరుకు సగానికి మించి ఇచ్చేది ఈశాన్య రుతుపవనాలు. తెలంగాణలో వానాకాలం వరి కోతకొచ్చే రోజుల్లో పెన్నా ఆయకట్టులో నాట్ల సందడి మొదలవుతుంది.

అనంతపురంది ఈ రెంటికీ మధ్యన చిక్కుకున్న బతుకు. అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమలు ఎక్కుతూనే నీటిని చాలావరకు అటువైపే కుమ్మరిస్తాయి. కనుమలు దిగి ఇటు వచ్చేసరికి మిగిలేది గాలే. ఈశాన్య మేఘాలేమో బంగాళాఖాతం నుంచి బయల్దేరి అంత దూరం లోపలికి వచ్చేలోగా బలం కోల్పోతాయి. అందుకే ఏడాది మొత్తానికి అక్కడ కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. "మోడాలు కమ్ముకుంటాయి, గాలికి ఎగిరిపోతాయి. వాన మాత్రం రాదప్పా" అని వేరుశనగ రైతులు అనేది ఈ భౌగోళిక సత్యాన్నే. జూన్, జులైలో విత్తనం వేసి, ఆగస్టులో వాన మొహం చాటేస్తే ఊడలు నేలలోకి దిగవు, కాయ ఊరదు. ఏడాది మొత్తం ఎంత కురిసిందన్న లెక్క కంటే ఏ వారంలో కురిసిందన్నదే ఆ కుటుంబానికి ముఖ్యం. మబ్బును తరిమేసే ఆ గాలినే రామగిరి కొండల మీద గాలిమరలు కరెంటుగా మారుస్తున్నాయి.

రాయలసీమకు కరువు నేల అన్న పేరున్నంత మాత్రాన వరద రాదని కాదు. 2021 నవంబరు 19న కుండపోత వానకు రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ పల్లెలు తెల్లారేసరికి కొట్టుకుపోయాయి. ఆ వాన తెచ్చింది కూడా ఈశాన్య రుతుపవన కాలమే.

రెండు రకాల చలి

డిసెంబరు వచ్చిందంటే పర్యాటకులు లంబసింగి దారి పడతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న గ్రామమది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది. అయినా లంబసింగి చలికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. మబ్బులేని రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలుల మీంచి కిందికి జారి లోయలో పేరుకుంటుంది. తెల్లవారేసరికి పొలాల మీద పొగమంచు తెరలా పరుచుకుంటుంది. పర్యాటకులకు అది చూడముచ్చట. మంచులో కాఫీ పళ్లు ఏరే గిరిజన మహిళలకూ, తెల్లవారుజామున చలిమంట పక్కన టీ కొట్టు తెరిచేవాళ్లకూ అది రోజువారీ పని.

ఆదిలాబాద్ అంత ఎత్తున లేదు. అయినా డిసెంబరు, జనవరిలో అక్కడ కొన్ని రాత్రులు 5 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతాయి. వేడిని నిలిపి ఉంచే సముద్రం దగ్గర్లో లేదు, ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలికి అడ్డూ లేదు. సరిగ్గా ఆ పుష్యమాసపు చలిలోనే గోండుల్లో మెస్రం వంశీయులు గోదావరి జలం తేవడానికి కాలినడకన బయల్దేరుతారు. ఆ జలంతో కేస్లాపూర్‌లోని నాగదేవత నాగోబాను అభిషేకించాకే జాతర మొదలవుతుంది.

మదనపల్లె గాలికి ఇంకో ఖ్యాతి ఉంది. సుమారు 700 మీటర్ల ఎత్తు, అతిగా లేని ఎండ, అతిగా లేని వాన చూసి, క్షయకు మందులు లేని కాలంలో రోగుల కోసం అక్కడి ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టారు. గాలి మార్పు కోసం దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు అక్కడికి చేరేవారు.

జెండా నంబర్లు తెలిసినవాళ్లు

తీరంలో ఉండేవాళ్ల మాటల్లో వాతావరణం అంకెల్లో, పేర్లలో వినిపిస్తుంది. "పోర్టులో మూడో నంబరు ఎగరేశారు" అంటే వేటకు వెళ్లకూడదని మత్స్యకార కుటుంబాల్లో పిల్లలకూ తెలుసు. ఓడరేవుల హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. పది మహా ప్రమాదానికి గుర్తు. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం.

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పదివేల మంది దాకా ప్రాణాలు తీసింది. తమ వయసును, పెళ్లిళ్లను ఉప్పెనకు ముందు, తర్వాత అని చెప్పుకునే పెద్దవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. విశాఖవాసులకు ఆ గుర్తు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫాను. నగరంలో చెట్టన్నది మిగల్లేదా అనిపించిన రోజది. శ్రీకాకుళం ఉద్దానంలో 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుఫాను కొబ్బరి, జీడితోటలను కూల్చేసింది. వరి పోతే మరుసటి ఏడు మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు ఆగాలి. అందుకే ఉద్దానం రైతు తుఫాను గురించి చెప్పేటప్పుడు గాలి వేగం కంటే ముందు పోయిన సంవత్సరాలను లెక్కపెడతాడు.

అంకెలు, అనుభవాలు

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కూలీలు ఎండలకు కొత్తవాళ్లు కారు. అయినా దుబాయ్ వేసవి వాళ్లను కుంగదీస్తుంది. రామగుండం వేడి, విశాఖ తేమ అక్కడ ఒకేచోట కలుస్తాయి. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట పని చేయించకూడదని యూఏఈలో నిబంధన ఉంది. మన దగ్గర ఇల్లు కట్టే మేస్త్రీకి, ఉపాధి హామీ కూలీకి ఆ గంటలు ఎవరు కాపాడాలన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

సమాచారానికి ఇప్పుడు కొదవ లేదు. తెలంగాణలో మండలాల వారీగా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, జిల్లాల వారీగా రైతులకు సూచనలు విడుదల చేస్తోంది. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో అవి తెలుగులోనూ అందుతున్నాయి. అయితే వేసవిలో పత్రికలు, టీవీలు చూపించే పట్టికల్లో ఇప్పటికీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలకే పెద్దపీట. వాటి పక్కనే గాలిలో తేమ ఎంతో, ఒంటికి ఎంత వేడిగా తోస్తుందో చెప్పే మరో రెండు గళ్లు చేరిస్తే, 35 డిగ్రీల విశాఖలో సైకిల్ మీద కూరలమ్మే మనిషి ఎందుకు నీడ వెతుక్కోవాలో 43 డిగ్రీల రామగుండంలో ఉన్నవాళ్లకూ అర్థమవుతుంది. అనంతపురానికి ఏడాది వర్షపాతంతో పాటు వారాల వారీ లెక్క, ఉద్దానానికి గాలి వేగంతో పాటు తోటలకు జాగ్రత్తలు కూడా అదే పేజీలో రావాలి.