కైతలాపూర్ వంతెనకు కిస్తీ ఎవరు కడుతున్నారు?

పొద్దున తొమ్మిదైతే కైతలాపూర్ వంతెన మీద బైకులు, క్యాబులు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తాయి. కూకట్‌పల్లి, మూసాపేట ఇళ్ల నుంచి మాదాపూర్, హైటెక్ సిటీ ఆఫీసులకు రైలు పట్టాలు దాటించే దగ్గరి దారి ఇది. 2022 జూన్ 21న ఇది తెరుచుకునేదాకా చాలామంది జేఎన్‌టీయూ, మలేసియా టౌన్‌షిప్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవారు. వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం (ఎస్సార్డీపీ) కింద దాదాపు 86 కోట్లతో దీన్ని కట్టారు.

జీతాలు, కరెంటు బిల్లులు, చెత్త తరలింపు పోగా చాలా కార్పొరేషన్ల చేతిలో ఇలాంటి వంతెనలకు సరిపడా సొమ్ము మిగలదు. గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) కూడా అప్పు బాటే పట్టింది. 2018 ఫిబ్రవరిలో బాండ్లతో 200 కోట్లు తెచ్చింది, వడ్డీ 8.90 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతానికి. మరుసటి ఏడాది ఆగస్టులో 100 కోట్లు, 10.23 శాతానికి. వెయ్యి కోట్లు అనుకున్నది 495 దగ్గర ఆగింది. ప్రతి విడతకూ వడ్డీ పెరిగిన తీరు చూస్తే ఎందుకు ఆగిందో ఊహించవచ్చు. ఈ మూడింటికీ కలిపి ఏడాదికి వడ్డీయే 46 కోట్ల పైచిలుకు.

నగరానికి బాండ్ల అప్పు కొత్త కాదు. 2003లోనే పాత హైదరాబాద్ నగరపాలక సంస్థ బాండ్లతో 82.5 కోట్లు సమీకరించింది. కూకట్‌పల్లి అప్పుడు వేరే మున్సిపాలిటీ. 2007లో గ్రేటర్‌లో కలిశాక నగరం అప్పుల్లో మనకూ వాటా వచ్చింది. అంతకు ముందే, 1998లో, రాష్ట్ర ప్రభుత్వ పూచీ లేకుండా సొంత పరపతి మీద 100 కోట్లు తెచ్చి అహ్మదాబాద్ దేశానికి దారి చూపింది.

యాభై ఏళ్లు నిలిచే వంతెనకు ఈ ఏడాది పన్ను కట్టేవాళ్లే మొత్తం మోయడం న్యాయం కాదు. రేపు కేపీహెచ్‌బీలో ఫ్లాటు కొనుక్కుని వచ్చేవాళ్లూ దాని మీదే తిరుగుతారు, వాళ్లూ కొంత కట్టాలి. అందుకే అప్పు చేయడాన్ని నేను తప్పుపట్టను. ఆ అప్పు సంగతి కట్టేవాళ్లకు చెప్పకపోవడమే తప్పు. బాండ్లు కొన్న సంస్థలు చూసుకున్న ధీమా మన ఆస్తిపన్ను. ఏప్రిల్‌లో కడితే 5 శాతం రాయితీ అనీ, ఆలస్యమైతే నెలకు 2 శాతం అపరాధ వడ్డీ అనీ మనకు గుర్తుచేస్తారు. ఆస్తిపన్ను గుర్తింపు సంఖ్య (పీటీఐఎన్) కొట్టగానే మన బాకీ పైసలతో సహా తెర మీద కనిపిస్తుంది. ఆ సొమ్ములో ఎంత వంతెనల వడ్డీకి పోతోందో మాత్రం అక్కడ కనిపించదు. అమెరికాలో చాలా ఊళ్లలో బడి కట్టడానికి బాండ్లు వేయాలన్నా ముందు ఓటర్లను అడుగుతారు. అంతదూరం పోకపోయినా, రసీదు మీద ఒక్క వరుస అచ్చువేయలేరా?

వంతెనల సంగతి ఇలా ఉంటే సామగ్రి సంగతి ఇంకో రకం. 2015 నవంబరులో మొదలైన స్వచ్ఛ ఆటోలనే చూడండి. తడి చెత్తకో అర, పొడి చెత్తకో అర ఉన్న ఆ బండి నగరానికి అత్యవసరమైన పనిముట్టు. దాన్ని బ్యాంకు రుణంతో డ్రైవరు పేరనే ఇప్పించారు. కిస్తీ కట్టాల్సింది అతనే. ఇంటింటా నెలకు యాభై రూపాయలు వసూలు చేసుకుని తీర్చుకోమన్నారు. మన అపార్ట్‌మెంట్లలో ఆ యాభైకీ బేరమాడినవాళ్లున్నారు, రెండు నెలలు ఎగ్గొట్టినవాళ్లున్నారు. నగరం అప్పును పదేళ్ల బాండ్ల మీద నింపాదిగా తీరుస్తుంటే, నగరం చెత్త మోసే మనిషి మాత్రం డీజిలూ రిపేరూ భరిస్తూ ప్రతి నెలా కిస్తీ తేదీకి భయపడాల్సి వచ్చింది. నగరానికి కావలసిన బండిని నగరమే కొనాలి.

సొమ్ముకు మరో దారి భూములమ్మడం. 2025లో కేపీహెచ్‌బీ కాలనీలో హౌసింగ్ బోర్డు 7.8 ఎకరాలు వేలం వేస్తే ఎకరం 70 కోట్లు పలికింది. ఒక్క ఎకరం ధర కైతలాపూర్ వంతెన ఖర్చుకు దగ్గరగా వచ్చింది. కానీ ఆ సొమ్ము చేరేది బోర్డుకు. అక్కడ లేచే టవర్ల ట్రాఫిక్‌ను మోయాల్సింది మాత్రం కార్పొరేషన్ రోడ్లు. అమ్మిన రాబడిలో కొంత ఆ పేటలోని రోడ్డుకూ డ్రైనేజీకీ కట్టబెట్టాలని ఇక్కడి కాలనీ సంఘాలు గట్టిగా అడగాలి. మొదటి విడత బాండ్ల గడువు 2028 ఫిబ్రవరిలో తీరుతుంది. అసలు 200 కోట్లు ఎక్కడి నుంచి తెస్తారో ఆలోపే బడ్జెట్ సమావేశంలో చెప్పమని కూడా అడగాలి.